తేదీ చెప్పగానే వారం చెప్పాలంటే ఏ పద్ధతి నేర్చుకోవాలి?

ఫోన్ తీయకుండా, తేదీ వినగానే అది ఏ వారమో చెప్పేయాలని చాలామందికి ఉంటుంది. మొదలుపెడతారు కూడా. రెండు మూడు వీడియోలు చూస్తారు, ఒక్కోదాంట్లో ఒక్కో అంకెల పట్టీ ఉంటుంది, ఒకాయన ఆదివారాన్ని 0 అంటాడు, ఇంకొకాయన 1 అంటాడు, మూడో ఆయన శనివారం నుంచి లెక్క మొదలుపెడతాడు, అన్నీ కలిసి కలగాపులగం అయ్యాక ఇది మనవల్ల కాదులే అని వదిలేస్తారు. నిజానికి ఇందులో లెక్క చాలా చిన్నది. రెండంకెల కూడికలు, ఏడో ఎక్కం వస్తే చాలు. ఇబ్బందల్లా తన అవసరానికి సరిపోని పద్ధతి పట్టుకోవడం, లేదా రెండు పద్ధతుల్ని కలిపేయడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎందుకో చూద్దాం. ఈ ఏడాది తేదీలు చాలనుకుంటే పన్నెండంకెల చిట్కా నేర్చుకోండి. ఏ ఏడాదైనా చెప్పగలగాలంటే కాన్వే గారి డూమ్స్‌డే పద్ధతి. పోటీలకు వెళ్లేంత వేగం కావాలంటే కోడ్‌లు కూడే పద్ధతి. జెల్లర్ సూత్రం మనసులో లెక్కకి వద్దు, దాన్ని ప్రోగ్రామ్ రాసేవాళ్లకి వదిలేయండి.

అన్నిటికీ పునాది మాత్రం ఒకటే. 365 రోజుల్లో 52 వారాలు పోగా ఒక రోజు మిగులుతుంది, కాబట్టి ఏడాది మారితే అదే తేదీ వారంలో ఒక రోజు ముందుకు జరుగుతుంది. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు జరుగుతుంది. 100తో భాగించబడే సంవత్సరం 400తో కూడా భాగించబడితేనే లీపు సంవత్సరం, అందుకే 1900 లీపు కాదు, 2000 లీపు. 400 ఏళ్లకు 146097 రోజులు, అంటే సరిగ్గా 20871 వారాలు, ఒక్క రోజు కూడా మిగలదు. అక్కడి నుంచి క్యాలెండర్ మళ్లీ మొదటికి వస్తుంది. ఏ పద్ధతి తీసుకున్నా శతాబ్దం ఎంత జరిపింది, ఏడాది ఎంత జరిపింది, నెల ఎంత జరిపింది అన్న మూడు ముక్కలే. వీటిలో దేన్ని గుర్తుపెట్టుకోవాలి, దేన్ని అప్పటికప్పుడు లెక్కకట్టాలి అన్నదగ్గరే పద్ధతులు వేరవుతాయి.

ఈ ఏడాది చాలు అనుకునేవాళ్లకి

మనకు రోజూ అవసరమయ్యేది ఇదే. వచ్చే నెల 23 ఏ వారం, ఫలానా పరీక్ష ఆదివారం పడుతుందా, ఇలాంటివి. దీనికి శతాబ్దాల గొడవే అక్కర్లేదు. ప్రతి నెలలో మొదటి ఆదివారం ఏ తేదీన వస్తుందో ఆ పన్నెండు అంకెలు వరసగా రాసుకుని ఫోన్ నంబర్ లాగా మూడేసి చొప్పున కంఠతా పట్టండి. 2026కి అది 411 537 526 416. అంటే జనవరిలో మొదటి ఆదివారం 4న, ఫిబ్రవరిలో 1న, మార్చిలో 1న, ఏప్రిల్‌లో 5న, ఇలా.

2026 అక్టోబర్ 23 అడిగారు అనుకోండి. అక్టోబర్ పదో నెల, పదో అంకె 4. 4 ఆదివారం అయితే 11, 18 కూడా ఆదివారాలే, 18కి 23 ఐదు రోజుల దూరం, శుక్రవారం. అయిపోయింది. ఒక్క సాయంత్రంలో పట్టుబడుతుంది, మర్నాటి నుంచే వాడుకోవచ్చు.

ఏడాది మారితే మళ్లీ కొత్తగా బట్టీ పట్టాలా అంటే, అవసరం లేదు. 2027కి ప్రతి అంకెలో 1 తగ్గించండి, 0 వస్తే దాన్ని 7 చేయండి: 377 426 415 375. లీపు సంవత్సరమైన 2028కి వెళ్లేటప్పుడు జనవరి, ఫిబ్రవరికి 1, మార్చి నుంచి 2 తగ్గించాలి. లోపం ఏమిటంటే పదిహేనేళ్ల కిందటి తేదీ అడిగితే చేతులెత్తేయాలి. పుట్టినరోజులు చెప్పి ఎదుటివాళ్లని ఆశ్చర్యపరచాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు.

డూమ్స్‌డే: చాలామందికి నేను చెప్పేది ఇదే

గణితవేత్త జాన్ కాన్వే 1973లో తయారుచేసిన పద్ధతి ఇది. తన కంప్యూటర్‌లోకి లాగిన్ అయిన ప్రతిసారీ అది ఏవో కొన్ని తేదీలు అడిగేలా పెట్టుకుని సాధన చేసేవాడు, మామూలుగా రెండు సెకన్లలోపే జవాబు చెప్పేవాడు. అంత వేగం మనకి అక్కర్లేదు గానీ, ఆ ఊహ అందంగా ఉంటుంది. ఏ సంవత్సరంలోనైనా కొన్ని తేదీలు అన్నీ ఒకే వారం పడతాయి. ఏప్రిల్ 4, జూన్ 6, ఆగస్టు 8, అక్టోబర్ 10, డిసెంబర్ 12. అంటే 4/4, 6/6, 8/8, 10/10, 12/12. ఏ క్యాలెండర్ తీసి చూసినా ఈ ఐదూ ఒకే వారం ఉంటాయి. ఇప్పుడే ఫోన్‌లో చూడండి, నమ్మకం కుదురుతుంది.

బేసి నెలలకి మే 9, సెప్టెంబర్ 5, జూలై 11, నవంబర్ 7. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది: 9/5, 5/9, 11/7, 7/11 అన్నీ జంటలే కాబట్టి తేదీ, నెల తారుమారుగా గుర్తొచ్చినా తప్పు పోదు. మార్చికి 7, 14, 21, 28. ఫిబ్రవరికి ఆఖరి రోజు, 28 అయినా 29 అయినా. జనవరికి మామూలు ఏడాదిలో 3, లీపు ఏడాదిలో 4. మూడేళ్లు 3, నాలుగో ఏడు 4 అని గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

ఆ ఉమ్మడి వారమే ఆ ఏడాది డూమ్స్‌డే. 2026కి శనివారం, 2025కి శుక్రవారం. శతాబ్దాలకి కూడా ఇలాగే ఉంది: 1800కి శుక్రవారం, 1900కి బుధవారం, 2000కి మంగళవారం, 2100కి ఆదివారం. 400 ఏళ్ల చక్రం కాబట్టి ఈ నాలుగే తిరుగుతుంటాయి, 1600కి మళ్లీ మంగళవారం, 1700కి ఆదివారం.

చంద్రుడి మీద మనిషి దిగిన 1969 జూలై 20 తీసుకుందాం. ఆదివారాన్ని 0 అనుకుని సోమ 1, మంగళ 2, ఇలా శనివారం 6 దాకా. 1900కి బుధవారం, అంటే 3. ఇప్పుడు 69 ఎంత జరిపిందో తెలియాలి. ప్రతి 28 ఏళ్లకీ క్యాలెండర్ తిరిగి అదే వారాలకి వస్తుంది కాబట్టి 69లోంచి 56 తీసేయండి, 13 మిగిలింది. 13లో నాలుగో వంతు 3 (శేషం వదిలేయండి, అది మధ్యలో వచ్చిన లీపు ఏళ్ల లెక్క), కలిపితే 16, ఏడులు తీసేస్తే 2. 3కి 2 కలిపితే 5, శుక్రవారం. అంటే 1969లో జూలై 11 శుక్రవారం. 18 కూడా శుక్రవారమే, 20 ఆదివారం. సరిపోయింది.

ఈ పద్ధతిని నేను ముందు పెట్టడానికి కారణం, లెక్క మధ్యలో ప్రతి మజిలీలోనూ చేతిలో ఉన్నది ఒక నిజమైన వారం. "1969లో జూలై 11 శుక్రవారం" అన్నది అర్థమున్న మాట, సరిచూసుకోవచ్చు. ఇంకో లాభం, ఒకసారి ఏడాది డూమ్స్‌డే తెలిస్తే ఆ ఏడాదిలో ఎన్ని తేదీలు అడిగినా సగం పని అయిపోయినట్టే. ఎవరైనా ఒకే ఏడాదిలో జరిగిన సంగతులు వరసగా అడుగుతుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

2000 ఫిబ్రవరి 29 లాంటి తేదీ అయితే ఇంకా చెప్పక్కర్లేదు. 2000 డూమ్స్‌డే మంగళవారం, ఫిబ్రవరి ఆఖరి రోజు డూమ్స్‌డే, కాబట్టి మంగళవారం. ఏ లెక్కా లేదు.

ఏడాది ముక్కని ఎలా లెక్కకట్టాలి

అందరూ తట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం. రెండంకెల ఏడాది 69 ఎంత జరిపిందో తేల్చడానికి నాలుగు దారులున్నాయి, నాలుగింటికీ జవాబు ఒకటే.

మొదటిది నేరుగా 69కి దాని నాలుగో వంతు 17 కలపడం, 86, ఏడులు తీస్తే 2. అర్థం కావడానికి ఇదే మంచిది, కానీ 95 లాంటి ఏడాదికి 95, 23 కలిపి 118 అయ్యి ఏడులు తీయడంలో టైమ్ పోతుంది. రెండోది కాన్వే చెప్పింది: 69లో పన్నెండ్లు ఎన్ని? 5. మిగిలింది 9. ఆ 9లో నాలుగులు 2. మూడూ కలిపితే 16, అంటే 2. పన్నెండో ఎక్కం గట్టిగా వచ్చినవాళ్లకి ఇది సాఫీగా పోతుంది, కానీ మూడు అంకెలు ఒకేసారి మనసులో పట్టుకోవాలి. మూడోది పైన వాడిన 28 తీసివేత. 28, 56, 84 అనే మూడు అంకెలు తెలిస్తే ఎప్పుడూ 27కి మించని చిన్న సంఖ్య మిగులుతుంది. నాకు అన్నిటికన్నా ఇదే నచ్చుతుంది.

నాలుగోది చేంబర్లిన్ ఫాంగ్, మైకేల్ వాల్టర్స్ చూపించిన దారి, 11 కలిపే పద్ధతి. సంఖ్య బేసి అయితే 11 కలపండి, సగం చేయండి, మళ్లీ బేసి అయితే 11 కలపండి, ఏడులు తీసేసి మిగిలినదాన్ని 7 లోంచి తీసేయండి. 69 బేసి, 80 అయింది, సగం 40, సరి సంఖ్య కాబట్టి వదిలేయండి, ఏడులు తీస్తే 5, 7లో 5 పోతే 2. మొదటిసారి చూస్తే ఏదో మంత్రంలా ఉంటుంది, కానీ దీని బలం వేరే. ఏ క్షణంలోనూ మనసులో ఒక్క సంఖ్యకి మించి ఉండదు. లెక్క మధ్యలో "ఇందాక ఎంత అనుకున్నాను" అని తడబడేవాళ్లు దీన్ని తీసుకోవడమే మంచిది. చివర 7లోంచి తీసేయడం మరిచిపోతారు, ఆ ఒక్క అడుగు మీద మాత్రం కన్నేసి ఉంచండి.

నాలుగూ ఒకసారి చేసి చూసి ఒకటి పట్టుకోండి. ఆ తర్వాత ఇక మార్చకండి.

కోడ్‌లు కూడే పద్ధతి

ప్రతి నెలకీ ఒక అంకె ఉంటుంది: 033 614 625 035. జనవరికి 0, ఫిబ్రవరి, మార్చికి 3, ఏప్రిల్‌కి 6, ఆ వరసలో. శతాబ్దానికి ఒక అంకె: 1800లకి 2, 1900లకి 0, 2000లకి 6, 2100లకి 4. తేదీ, నెల కోడ్, ఏడాది, ఏడాదిలో నాలుగో వంతు, శతాబ్దం కోడ్, అన్నీ కలిపి ఏడులు తీసేస్తే మిగిలేదే వారం, ఆదివారం 0. లీపు ఏడాదిలో జనవరి, ఫిబ్రవరి అయితే 1 తగ్గించాలి.

అదే 1969 జూలై 20: 20, 6, 69, 17, 0 కలిపితే 112. ఏడు పదహార్లు 112, మిగిలింది 0, ఆదివారం. రైట్ సోదరులు తొలిసారి విమానం ఎగరేసిన 1903 డిసెంబర్ 17: 17, 5, 3, 0, 0 కలిపితే 25, మిగిలింది 4, గురువారం.

చూడటానికి డూమ్స్‌డే కన్నా తేలికే. ముందుకీ వెనక్కీ వారాలు లెక్కపెట్టే పని లేదు, ఒకే దిశలో కూడుకుంటూ పోవడమే. ఇంకో లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు: మనం నోటితో తేదీ చెప్పేటప్పుడు సాధారణంగా "20 జూలై 1969" అంటాం, ఏడాది చివర్లో వస్తుంది. కోడ్ పద్ధతిలో 20 వినగానే 6 అనుకోవచ్చు (20లో ఏడులు పోతే మిగిలేది), జూలై వినగానే 6 కలిపి 12, అంటే 5 అనుకోవచ్చు. ఎదుటివాళ్లు ఏడాది పలికేలోపు సగం పూర్తి. డూమ్స్‌డేలో అలా కుదరదు, ఏడాది వినేదాకా తేదీని, నెలని అలాగే పట్టుకుని ఉండాలి. తేదీ కాగితం మీద కనిపిస్తుంటే ఈ తేడా లేదు. వింటూ చెప్పాలంటే మాత్రం బాగా తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. పన్నెండు నెలల కోడ్‌లకి ఏ అర్థమూ కనబడదు, ఒట్టి బట్టీ. ఒక నెల వాడకుండా వదిలేస్తే ఏప్రిల్ 6నా, మే 6నా అన్న అనుమానం వస్తుంది, ఆ అనుమానం వచ్చినప్పుడు సరిచూసుకునే దారి ఉండదు. లీపు ఏడాది జనవరి, ఫిబ్రవరికి 1 తగ్గించడం మరిచిపోవడం దీంట్లో సర్వసాధారణం, ఎందుకంటే ఆ నియమం లెక్క అంతా అయ్యాక చివర్లో గుర్తు రావాలి. డూమ్స్‌డేలో అయితే జనవరి 3నా 4నా అన్నది అక్కడే, ఆ నెల దగ్గరే ఎదురొస్తుంది.

పోటీల్లో పాల్గొనేవాళ్లు మాత్రం కోడ్‌ల వైపే వెళ్తారు. 2004లో జర్మనీలో మొదలైన మెంటల్ కాలిక్యులేషన్ వరల్డ్ కప్‌లో దీనికో విభాగమే ఉంది: 1600 నుంచి 2100 దాకా ఏ తేదీలైనా ఇస్తారు, ఒక్క నిమిషంలో ఎన్ని చెప్పగలిగితే అన్ని. అంత వేగానికి ఏడాదిని లెక్కకట్టే టైమ్ ఉండదు, 00 నుంచి 99 దాకా వంద ఏడాది కోడ్‌లూ కంఠతా పట్టేస్తారు. అప్పుడు మిగిలేది చిన్న చిన్న అంకెల కూడిక మాత్రమే. అంత సాధనకి సిద్ధంగా ఉంటే మొదటి నుంచే కోడ్‌లు నేర్చుకోండి. లేకపోతే వద్దు.

మిగతావి క్లుప్తంగా

క్రిస్టియన్ జెల్లర్ 19వ శతాబ్దం చివర్లో ఇచ్చిన సూత్రంలో జనవరి, ఫిబ్రవరిని ముందు ఏడాదికి 13, 14వ నెలలుగా తీసుకోవాలి, నెలకి 1 కలిపి 13తో హెచ్చించి 5తో భాగించాలి, శనివారం 0. బట్టీ పట్టాల్సిన పట్టికలు ఏమీ లేవు, అన్నీ ఒకే సూత్రంలో వచ్చేస్తాయి, కంప్యూటర్‌కి కావలసింది సరిగ్గా అదే. మనిషికి మాత్రం జూలై కోసం 8ని 13తో హెచ్చించి 104ని 5తో భాగించడం కన్నా "జూలైకి 6" అని గుర్తుంచుకోవడం తేలిక.

‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ రాసిన లూయిస్ కెరోల్ కూడా 1887లో నేచర్ పత్రికలో ఒక పద్ధతి ప్రచురించాడు, తనకి సగటున 20 సెకన్లు పడుతుందని రాశాడు. కాన్వేకి స్ఫూర్తి అదే. చరిత్ర మీద ఆసక్తితో చదవచ్చు, ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు నేరుగా డూమ్స్‌డేకి వెళ్లడమే నయం.

ఏ పద్ధతి తీసుకున్నా ఒక జాగ్రత్త. ఇవన్నీ గ్రెగోరియన్ క్యాలెండర్‌కి. అది 1582లో మొదలైంది, ఆ ఏడాది అక్టోబర్ 4 గురువారం తర్వాతి రోజు అక్టోబర్ 15 శుక్రవారం. బ్రిటన్, దాని వలసలు 1752లో మారాయి, సెప్టెంబర్ 2 తర్వాతి రోజు 14. రష్యా 1918 దాకా మారలేదు. అందుకే అక్టోబర్ విప్లవం తేదీ 1917 అక్టోబర్ 25 అని తీసుకుని లెక్కకడితే గురువారం వస్తుంది, అసలు జరిగింది బుధవారం. ఆ తేదీ పాత క్యాలెండర్‌ది, కొత్త లెక్కలో అది నవంబర్ 7. పాత చరిత్ర తేదీలు అడిగేవాళ్లుంటే ఏ దేశం, ఏ క్యాలెండర్ అని ముందు అడిగి అప్పుడు చెప్పండి.

ఇంతకీ ఎలా మొదలుపెట్టాలి

ఏమీ తెలియనివాళ్లు పన్నెండంకెల చిట్కాతో మొదలుపెట్టండి. వారాల్లో ముందుకీ వెనక్కీ జరగడం దాంతోనే అలవాటవుతుంది, ఆ అలవాటే డూమ్స్‌డేలో మళ్లీ పనికొస్తుంది. తర్వాత నెలల డూమ్స్‌డే తేదీలు నేర్చుకోండి, కానీ ఏడాది లెక్క జోలికి పోకుండా ఈ ఏడాది వారం మీదే సాధన చేయండి. అది తడబాటు లేకుండా వచ్చాక 1900లు, 2000లు. మిగతా శతాబ్దాలు చివర్లో చూసుకోవచ్చు, వాటి అవసరం అరుదు. సాధన చేసేటప్పుడు జనవరి, ఫిబ్రవరి తేదీలు, అందులోనూ లీపు ఏడాదివి, కావాలని ఎక్కువ పెట్టుకోండి. జవాబు చెప్పాకే ఫోన్‌లో చూడండి, చెప్పక ముందు కాదు.

డూమ్స్‌డే బాగా వచ్చాక కోడ్‌ల వేగం కావాలనిపిస్తే నేర్చుకున్నది ఏదీ వృథా పోదు. నెల కోడ్‌కి (లీపు ఏడాది జనవరి, ఫిబ్రవరి అయితే 1 తగ్గించాక) ఆ నెల డూమ్స్‌డే తేదీ కలిపి ఏడులు తీసేస్తే ఎప్పుడూ 3 మిగులుతుంది. ఆగస్టు 8కి 2 కలిపితే 10, మే 9కి 1 కలిపితే 10, డిసెంబర్ 12కి 5 కలిపితే 17, అన్నిట్లోనూ 3. కాబట్టి ఏ కోడ్ మరిచిపోయినా డూమ్స్‌డే తేదీ నుంచి అప్పటికప్పుడు రాబట్టుకోవచ్చు. ఏప్రిల్ 6నా, మే 6నా అన్న అనుమానం వస్తే, ఏప్రిల్ 4కి 6 కలిపితే 10, మిగిలింది 3, కాబట్టి 6 ఏప్రిల్‌దే.